కుడివైపు కట్టిన దారం

నెత్తురు మరకకి చన్నీళ్లే పెట్టాలి. వేడినీళ్లు తగిలాయంటే బట్టని పట్టుకుని ఇక వదలదు. ఈ సంగతి నాగేశ్వరికి పన్నెండో ఏట వాళ్లమ్మ చెప్పింది, ఆవిడకి వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. మగవాళ్లకి ఎవరూ చెప్పరు. సోమవారం పొద్దున్న క్వార్టరు వెనక కుళాయి కింద పీట వేసుకుని, మొగుడి ఖాకీ ప్యాంటు మోకాలి దగ్గర మరకని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది నాగేశ్వరి.

"ఒంటిగంటకల్లా ఆరాలి," అన్నాడు సీతారామయ్య లోపల్నించి, గడ్డం గీసుకుంటూ. "రెండింటికి షిఫ్టు. ఇంకో ప్యాంటుంది కదండీ అనబోకు. దాని గుండీ ఊడి నెలయింది. నెల నుంచీ చెబుతూనే ఉన్నా."

"ఆరుతుందిలెండి," అంది.

ఆ నెత్తురు పుణ్యవతిది. ఒక్కతే కూతురు, పందొమ్మిదేళ్ల పిల్ల. ముంజేతికి కట్టు కట్టుకుని లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలు చెక్కుకుపోయింది. అయిదు రోజుల్లో మానిపోయేవే. కానీ నిన్న సాయంత్రం నుంచీ ఆ పిల్ల అన్నదల్లా ఒకటే మాట. "బండి నా చేతుల్లోనే లేదే అమ్మా. రేసు తగ్గించాననే అనుకున్నాను. కంగారులో పెంచేశానేమో."

ఆ మాట విన్న ప్రతిసారీ నాగేశ్వరి అక్కణ్నించి లేచి వెళ్లిపోయింది. ఎందుకంటే పిల్ల పెంచలేదు. ఆ సంగతి ఈ లోకంలో నాగేశ్వరికి ఒక్కదానికే తెలుసు.

పటాన్‌చెరు వైపు విత్తనాల పొలాలు వేసే ఒక ఆఫీసులో పుణ్యవతి ఉద్యోగానికి వెళ్లొచ్చింది. మొక్కల పొడుగులూ కంకులూ రాసుకునే పని. అంతా బాగానే అడిగి, చివర్లో "పొలాల వెంట బండి మీద తిరగాలమ్మా, మోటారు సైకిలు వచ్చా?" అన్నారట. ఈ పిల్ల "వచ్చండీ" అనేసింది. రాదు. సైకిలు తప్ప ఇంకేదీ రాదు. సరే, ఇరవై రోజుల తరవాత వచ్చి మా పొలం గట్ల మీద నడిపి చూపించు, పని నీదే అన్నారు. ఇంటికొచ్చి తండ్రికి చెబితే ఆయన నవ్వాడు. కోప్పడలేదు. సీతారామయ్య కోప్పడే మనిషి కాదు, నవ్వే మనిషి. "కానీలే, పరీక్షయ్యాక మాట్లాడుకుందాం," అన్నాడు. ఆ నవ్వులో పరీక్ష అప్పుడే అయిపోయింది.

పక్క వరసలో కిరాయికుండే నర్సు సక్కుబాయి ఊరుకోలేదు. ఆమెది నానక్‌రామ్‌గూడ. వాళ్లన్న బాలనర్సయ్య బండి మీదే ఊళ్లు తిరిగి పురుళ్లు పోస్తుంది. "ఆయితారం మా ఊరి బండల్ల నేర్పిస్త. ఆడ పడ్డా సూసేటోడు ఉండడు," అంది. పుణ్యవతి స్నేహితురాలు వీరలక్ష్మి, టైపు చేసే పిల్ల, నేనూ వస్తానంది. తండ్రికి మాత్రం సీతాఫలాలకి వెళ్తున్నామని చెప్పారు. ఆ అబద్ధం చెప్పింది నాగేశ్వరే. ఇరవయ్యొక్కేళ్ల కాపురంలో మొగుడితో చెప్పిన మొదటి పెద్ద అబద్ధం. నేనూ తోడు వెళ్తానండీ, ముళ్లూ పుట్రా ఉంటాయి అంది. పిల్ల మొండికేసి వెళ్తానంటే ఆపే శక్తి లేదు, వెళ్లాక ఇంట్లో కూర్చుని ఊపిరి పీల్చుకునే శక్తీ లేదు. అందుకని వెళ్లింది. పిల్ల ప్యాంటు కావాలంటే మొగుడి డ్యూటీ ప్యాంటు పెట్టెలోంచి తీసి, నడుముకి పైటగుడ్డ ముక్క బిగించి కట్టింది.

బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి రెండు మైళ్లు నడిచారు. ఎటు చూసినా రాళ్లే. ఒకదాని మీద ఒకటి ఎవరో తీరిగ్గా పేర్చి వెళ్లినట్టు, ఇంటి కన్నా పెద్ద బండలు. వాటి మధ్య బండ్లబాట, ఇసక, కంపచెట్లు. "ఇక్కడ మనుషులెలా ఉంటారమ్మా?" అంది నాగేశ్వరి. సక్కుబాయి నవ్వింది. "మనుషులేంది అక్కా, ఈడ నక్కలు గూడ కిరాయికుండయి."

నాగేశ్వరి చేతిసంచిలో పెరుగన్నం, పసుపు, కొబ్బరినూనె, పాత చీర చింపిన గుడ్డలు. సక్కుబాయి అవన్నీ తీసి చూసి, "దవాఖాన మొత్తం మూటగట్టుకొచ్చినవ్ గద. నర్సు నువ్వా నేనా?" అంది. పిల్లలు పకపకా నవ్వారు. నాగేశ్వరీ నవ్వింది. నవ్వడం అలవాటే. ఆ ఇంట్లో వంట, అంట్లు, భయం, మూడూ ఆమె వంతు. జ్వరమొస్తే నిద్రమానేది ఆమె, వాన పడితే గుమ్మంలో నిలబడేది ఆమె. అందరి భయమూ ఆమే పడుతుంది గనక మిగతావాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఉండి, ఆమెని చూసి నవ్వుతారు. అత్తగారు బతికున్నన్నాళ్లూ "భయం లేని ఆడది మూత లేని కుండే" అని భయపెట్టేది. ఆవిడ పోయాక మొగుడు "మా ఆవిడ చదివింది భయం ఒక్కటే, అందులో ఫస్టు క్లాసు" అని నలుగురిలో అంటాడు. చదివింది అయిదో తరగతి. ఆరో తరగతి బడి కాలవ అవతల ఉండేది. పిల్ల కాలవలో పడిపోతుందని నాయనమ్మ మాన్పించింది. కాలవ మోకాలు లోతు.

వీరలక్ష్మి రెండుసార్లు ఇసకలో పడింది. రెండుసార్లూ పడ్డచోటే కూర్చుని నవ్వింది. "పడ్డోళ్లకే వస్తది," అంది సక్కుబాయి. తరవాత పుణ్యవతి ఎక్కింది. మొదట బండి కుందేలు గంతేసినట్టు గంతేసి ఆగిపోయింది. మూడోసారి కదిలింది. బండలు చుట్టి వచ్చింది, మళ్లీ చుట్టి వచ్చింది. జడ ఊడిపోయింది. మొహం మీద దుమ్ము, ఆ దుమ్ములో పళ్లు. ఆ మొహం ఎవరిదో నాగేశ్వరి పోల్చుకోలేకపోయింది. పుట్టినప్పట్నించీ పెంచిన పిల్ల మొహంలో అలాంటి సంతోషం ఒకటుందని ఆమెకి తెలియదు. దిష్టి తగలకుండా ఎలా ఉంటుంది? పడ్డ వీరలక్ష్మిని చూసి కాదు, పడని కూతుర్ని చూసి భయపడింది.

"ఇగ దిగుడు నేర్సుకో," అంది సక్కుబాయి, ఏనుగు వీపులాంటి బండ పక్క వాలుని చూపించి. అందరూ మంచినీళ్లకి చెట్టు కిందికి వెళ్లారు. అప్పుడు నాగేశ్వరి బండి దగ్గరికి వెళ్లింది. సంచి అడుగునుంచి నల్ల ఉన్నిదారం తీసింది. దిష్టికి తెచ్చింది, తెల్లవారి దేవుడి ముందు పెట్టి తెచ్చింది. నిమ్మకాయా మిరపకాయలూ కడితే నవ్వుతారు. వట్టి దారం కనపడదు. శుభమైనదేదైనా కుడివైపే కట్టాలి. కాబట్టి హ్యాండిలు కుడి కొసన, పిడి మొదట్లో ఏడు చుట్లు చుట్టి ముడేసింది. ఎడమవైపు కట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. రేసు తిప్పేది కుడిచేత్తోనని ఆమెకి ఎవరు చెప్పారు? ఆమె ఎవర్నడిగింది?

వాలు సగం దాకా బాగానే దిగింది పిల్ల. తరవాత బండి అరిచింది. ఆ అరుపు ఆగలేదు. పిల్ల అటూ ఇటూ ఊగి, గులకరాళ్లలో పడి, బండితో పాటు ఒక గజం దూరం ఈడ్చుకుపోయింది.

అందరికన్నా ముందు అక్కడికి చేరింది నాగేశ్వరే. కింద పడ్డ పిల్లకి రెండడుగుల దూరంలో బండి. పిడి సందులో నల్లదారం కొస ఇరుక్కుని ఉండటం కనపడింది. క్షణంలో అంతా అర్థమైంది. పిల్ల "అమ్మా" అంది. తల్లి చెయ్యి పిల్లవైపు వెళ్లలేదు. దారం మీదికి వెళ్లింది. గోటితో లాగి, తెంపి, గుప్పిట్లో పెట్టుకుని, ఆ తరవాత పిల్ల దగ్గర మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది. వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన సక్కుబాయికి ఏడుస్తున్న తల్లే కనపడింది. ఇంటికొచ్చాక సీతాఫలాల అబద్ధం తేలిపోయింది, దారం సంగతి మాత్రం తేలలేదు.

ప్యాంటు మరక పోయింది. ఆ చెయ్యి వెళ్లిన దారి మాత్రం ఎన్ని నీళ్లు పోసినా పోవడంలేదు. ఆమె ప్యాంటు పిండి, తీగమీద వేసి, లోపలికొచ్చింది. సీతారామయ్య కూతుర్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితం ముందు పెట్టాడు.

"స్వంత కారణాల వల్ల రాలేకపోతున్నానని రాయమ్మా. రెండు లైన్లు. పరువుగా ఉంటుంది."

పుణ్యవతి కట్టు కట్టిన చేత్తో కలం పట్టుకుంది. తండ్రి మాటకి అంత తేలిగ్గా తలవంచడం ఆ పిల్లకి ఇదే మొదలు.

అప్పుడే సక్కుబాయి వచ్చింది, కట్టు మార్చడానికి. ఆమె మొహం కూడా వాడిపోయి ఉంది. "సారూ, మా అన్న రాత్రే బండి మొత్తం ఇప్పి సూసిండు. రేసు వైరు మంచిగనే ఉంది. గిట్లెట్లయిందో సమజైతలేదు. నా తప్పే కావచ్చు, దిగుడు తొందరగ నేర్పిన."

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు సీతారామయ్య, జాలిగా. "బండి తప్పూ లేదు. వాళ్లమ్మ భయం దీని రక్తంలో ఉంది. అవసరానికి చెయ్యి పనిచెయ్యదు. ఎవరి మీదా కోపం లేదు నాకు. రాయమ్మా."

కలం కాగితం మీద కదిలింది. నాగేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్కమాట మింగేస్తే చాలు. ఇంట్లో ఎవరూ ఆమెని ఏమీ అనరు. పిల్ల ఇంటిపట్టున ఉంటుంది, బండలమీద పడదు, లారీ కింద పడదు, ఏ పొలంలోనూ పాము కరవదు. ఆమె రోజూ భయపడేవన్నీ ఒక్కసారిగా తప్పిపోతాయి. అంత సుఖంగా ఉంది ఆ ఆలోచన. నాయనమ్మకి కూడా ఇలాగే సుఖంగా ఉండి ఉంటుంది.

ఆమె పోపులపెట్టె దింపింది. మెంతుల గిన్నె ఎత్తి, దానికింద పెట్టిన నల్లదారం తీసుకొచ్చి, కాగితం మీద పెట్టింది. కొస నలిగిపోయి గ్రీజు పట్టి ఉంది.

"ఏవిటే ఇది?" అన్నాడు మొగుడు.

"దిష్టికి కట్టానండీ. పిడికి. అది పట్టేసింది." నలిగిన కొసని వేలితో చూపించింది. "బండి అరిచింది అందుకే."

సక్కుబాయి దారం అందుకుని, నలిగిన కొస గోళ్లతో విప్పి చూసింది. "గిదా," అంది నెమ్మదిగా. "గిది సందుల పడితే రేసు తిరిగి రాదు సారూ. ఎవ్వలు నడిపినా పడతరు. నేనైనా."

సీతారామయ్య నవ్వాడు. ఈసారి నవ్వు సరిగ్గా రాలేదు. "ఇన్నేళ్లూ నీ భయాన్ని చూసి నవ్వుకున్నాను. అది పిల్లని చంపబోయిందన్నమాట."

"అవునండీ," అంది నాగేశ్వరి.

పుణ్యవతి తల్లివైపు చూడలేదు. దారంకేసి చూస్తూ అడిగింది. "నిన్న బండికి లేదే. సక్కక్క వెతికింది."

"నేను తెంపాను."

"ఎప్పుడు?"

చెప్పకుండా ఉంటే బాగుండు. "నువ్వు పిలిచినప్పుడు."

నాగేశ్వరి కూతురి నోటివెంట రాబోయే మాటకి తలవంచుకుని నిలబడింది. ఆ మాట ఎంత పెద్దదైనా తనకి తక్కువే అనుకుంది.

"అయితే నేను రేసు తగ్గించినట్టేనా?"

"తగ్గించావమ్మా. నీ చెయ్యి సరిగ్గానే తిప్పింది."

పుణ్యవతి తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, కొత్తగా ఎవరో ఇచ్చినదాన్ని చూసుకున్నట్టు చూసుకుంది. తరవాత కాగితం నాలుగు మడతలు పెట్టి సక్కుబాయి వైపు తిరిగింది. "ఈ ఆదివారానికి కట్టు విప్పేయొచ్చా అక్కా?" అమ్మతో మాత్రం మాట్లాడలేదు. ఆరోజే కాదు, మర్నాడూ మాట్లాడదని నాగేశ్వరికి తెలుసు. అది న్యాయమే.

"నేనింకా ఒప్పుకోలేదు," అన్నాడు సీతారామయ్య. సక్కుబాయి కట్టు మార్చడం మొదలెట్టింది. ఆయన గడియారంకేసి చూసి, "ప్యాంటు ఆరిందా?" అన్నాడు.

నాగేశ్వరి పెరట్లోకి వెళ్లి తీగమీంచి ప్యాంటు దించింది. ఇంకా కొంచెం తడిగానే ఉంది. గడప మీద కూర్చుని, కూతురి నడుం కొలత కంటితోనే చూసి, వెనక కుట్టు విప్పి, నాలుగంగుళాలు లోపలికి మడిచి, సూదిలోకి ఖాకీ దారం ఎక్కించింది. ఆయన వచ్చి నెత్తిమీద నిలబడ్డాడు. కుట్టు వంకర పోవడంలేదు.

"అదేవిటే, అలా చిన్నది చేస్తే నేనెలా వేసుకునేది?"

"మీ రెండో ప్యాంటు గుండీ పోపులపెట్టె పక్క అగ్గిపెట్టెలో ఉందండీ," అంది తలెత్తకుండా. "నా పనయ్యాక సూది ఇస్తాను."