ప్రోటీన్ పట్టు వదిలిన రోజు

ల్యాబులో అందరూ ఆమెను చీమ అనేవారు. మనిషి పొట్టి, చేతిలో పని ఆగదు. మూలకణాలు గుండె కణాలుగా ఎందుకు మారతాయి, ఒక్కోసారి ఎందుకు మొండికేస్తాయి అన్నదే నాలుగేళ్లుగా ఆమె పరిశోధన.

కణంలో ఆర్‌ఎన్‌ఏ అంటే ఫలానాది తయారుచెయ్యమని రాసిన చీటీ లాంటిది. ఒక ప్రోటీన్ ఆ చీటీలకు ఉడుంపట్టులా అంటుకుని చదవనివ్వడం లేదని చీమ కనిపెట్టింది. మందు వేసి ఆ ప్రోటీన్‌ను తగ్గిస్తే మూలకణాలు గుండె కణాలై కొట్టుకున్నాయి. ల్యాబు పెద్ద అయిన మేడమ్ ఆ సంగతి పదిమందిలో చెప్పేశారు కూడా.

తీరా మళ్లీ చేస్తే కణాలు ఉలకలేదు, పలకలేదు. మూడుసార్లూ అంతే. చీమకు అనుమానం పట్టుకుంది. తను మొదట చూసింది భ్రమేనా? చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే మనశ్శాంతి పోతుంది. చివరికి మేడమ్ గదిలోకి వెళ్లి నిలబడింది.

"నేను చెప్పింది తప్పేమో మేడమ్. అదే ఫలితం మళ్లీ రావడం లేదు."

మేడమ్ కోప్పడలేదు. "ఈసారి ప్రోటీన్ తగ్గిందో లేదో చూశావా?"

"మందు వేశాను కదండీ..."

"మందు వేస్తే జబ్బు తగ్గినట్టేనా? వెళ్లి చూడు."

చూస్తే ప్రోటీన్ రవ్వంత కూడా తగ్గలేదు! అందరూ బాబాయ్ అని పిలిచే టెక్నీషియన్ మందు సీసా తిప్పి చూశాడు.

"ఫ్రీజర్ చెడిపోయినప్పుడు రెండ్రోజులు బయట పడున్నది ఇదే అమ్మాయ్. సత్తువ పోయుంటుంది."

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్!"

"నువ్వు దీన్నే వాడుతున్నావని నాకేం తెలుసు?"

కొత్త మందు తెప్పించారు. కణాలు పెంచే పళ్లాల్లో దేనిలో మందు వేసిందీ చీమకు తెలియకుండా బాబాయే వేసి, పళ్లాలకు అంకెలు పెట్టి, ఆ వివరం కాగితం మీద రాసి మడిచి దాచాడు. పదో రోజు పొద్దున్నే ఆమె మైక్రోస్కోపులో చూసింది. నాలుగింటిలో రెండు పళ్లాల్లో కణాలు గుంపులుగా ముడుచుకుంటూ విచ్చుకుంటున్నాయి.

"రెండో పళ్లెం, నాలుగో పళ్లెం," అంది.

బాబాయ్ కాగితం విప్పాడు. "మందు వేసింది ఆ రెండింట్లోనేనమ్మా!"

చీమకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. గుండెల మీది బండ దించినట్టయింది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, కొట్టుకుంటున్నాయే!"

"ఏవే, కుక్కలా? నువ్వు మాత్రం మధ్యలోకి వెళ్లకు!"