తిన్నగా వెళ్ళే విమానం

నేను అత్తయ్య కంట్లో చుక్కలు వేస్తుంటే మా ఆయన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టారు.

"చూడు, మన విమానాశ్రయం నుంచి మీ అక్కావాళ్ళ విమానాశ్రయానికి ఎంత దూరమని కొడితే టైముతో సహా చెప్పేసింది. పన్నెండు గంటలు. పొద్దున ఎక్కితే రాత్రికి దిగుతావు. దానికి ఇప్పట్నుంచే ఏడుపెందుకు?"

"అదేగా," అంది అత్తయ్య కళ్ళు మూసుకునే. "నా కన్ను కాస్త కుదుటపడనీ. ఆ తర్వాత నువ్వెక్కడికెళ్తే నాకేం?"

అక్కకి జబ్బు ముదిరిందని అప్పటికే తెలుసు. అమ్మ పోయాక నాకు తల దువ్వి, బడికి పంపి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచింది అక్కే. అయినా ఆ పన్నెండు గంటలనేసరికి నాకూ ధైర్యం వచ్చింది. ప్రపంచం అవతలి చివరనున్న అక్క పక్కవీధిలోకి ఇల్లు మారినట్టనిపించింది. సంబరంగా ఫోన్ చేసి చెప్పాను.

"పన్నెండు గంటలేనట అక్కా. నువ్వు రమ్మంటే చాలు, వాలిపోతా."

"అంతేనా బుడ్డీ?" అక్క నవ్వింది. "అయితే ఇప్పుడే ఎందుకే, మీ అత్తగారిని అవస్థ పెట్టి? మరీ చేతకానప్పుడు పిలుస్తాలే."

అత్తయ్య కన్ను కుదుటపడింది. మోకాళ్ళు మొదలయ్యాయి. నేను కదిపినప్పుడల్లా ఆయన "పన్నెండు గంటలేగా" అనేవారు. రోజూ దేవుడి ముందు నిలబడి అక్కని కాపాడమని వేడుకునేదాన్ని. నన్ను అక్క దగ్గరికి పంపమని మాత్రం ఒక్కరోజూ అడగలేదు. అది దేవుణ్ణి కాదు, మా ఆయన్ని అడగాల్సిన విషయమనుకున్నాను కాబోలు. దేవుడూ అలాగే అనుకున్నాడా?

నిన్న పొద్దున అక్క పిలిచింది. "ఇక రావే," అంది. అంతే.

టికెట్లమ్మే అతను మా ఆయన ఫోన్ చూసి తల గోక్కున్నాడు. "ఇది తిన్నగా గీత గీసి వేసిన లెక్కండీ. అలా తిన్నగా వెళ్ళే విమానమే లేదు. రెండుచోట్ల మారాలి. రేపు సాయంత్రానికి గానీ చేరరు."

"నాకేం తెలుసు, ఫోన్లో అలాగే ఉంది," అన్నారాయన.

రెండోసారి విమానం మారాల్సిన చోట కూర్చుని ఉండగా బావ ఫోన్ చేశారు. తెల్లవారుజామున అక్క పోయిందట. ఆయన ఏడవలేదు, జరిగింది చెప్పుకుంటూ పోయారు.

"నిన్ను పిలిచాక కాస్త తేరుకుందమ్మా. రాత్రికల్లా వచ్చేస్తావని పక్కగదిలో మంచం వేయించింది. దానికి చలెక్కువ, ఇంకో దుప్పటి పెట్టండి అంది. రేపు సాయంత్రానికి గానీ రాదే అని చెప్పాను. 'అది నాతో అబద్ధం చెప్పదు' అని నామీదే కోప్పడింది. ఓపికున్నంతసేపూ అదే మాట."

ఫోన్ పెట్టానో లేదో మా ఆయన చేశారు.

"తెలిసింది. పాపం. ఇంక నువ్వెళ్ళినా చూసేదేముంది? అక్కణ్ణుంచే వెనక్కి టికెట్ ఉందట. ఇక్కడ అమ్మకీ ఇబ్బందిగా ఉంది."

నా విమానానికి పిలుస్తున్నారు. సంచీ భుజాన తగిలించుకుని వరసలో నిలబడ్డాను.

"వింటున్నావా? వెళ్ళి ఏం చేస్తావే?" అన్నారు, నిజంగానే అర్థంకాక.

"అక్క నాకు పక్క వేయించిందటండీ," అన్నాను. "వెళ్ళి పడుకుంటాను."