ఇంకొక్క ఆట

కుజె యుజుకికి ఆట రాదని జపాన్‌లోని మోజి ఊళ్ళో ఎవరూ అనరు. ఓడటం రాదని మాత్రం అందరూ అంటారు. చేపల బజారు మీది అంతస్తులో ఒక గేముల హాలు ఉంది. అందులో కొట్లాట గేముల మెషీన్లు వీపులు ఆనించుకుని జంటలుగా నిలబడి ఉంటాయి. ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుంటారు. ఎదుటివాడి ముఖం కనపడదు, తెర మీద వాడి యోధుడే కనపడతాడు. యుజుకి ఎప్పుడూ ఈటె పట్టిన అమ్మాయినే ఎంచుకునేది. గెలిచినంతసేపూ హాయిగా ఉండేది. ఓడిందంటే మీట పాడైందనేది, ఎదుటివాడి యోధుడికి లేనిపోని బలం ఇచ్చారనేది, చివరికి తనంత చవట లోకంలో లేదనేది. ఇంటికి మాత్రం పోయేది కాదు. గెలిచేదాకా నాణేలు వేస్తూనే ఉండేది.

కళ్ళద్దాల షాపులో ఆమెకు బుధవారం సెలవు. క్యూషూ దీవి మొత్తానికీ జరిగే గేము పోటీలు దగ్గరపడ్డాయి. ఆ వానాకాలపు బుధవారం మధ్యాహ్నం, టాక్సీ నడిపే తొకునాగా చేతిలో వరసగా ఓడి, మెషీన్‌ను అరచేత్తో ఒక్కటి చరిచింది.

"దాన్నెందుకమ్మాయ్ కొడతావు? నిన్ను కొట్టింది నేను," అన్నాడు తొకునాగా అటువైపు నుంచి తల బయటపెట్టి.

"ఆ లావుపాటి పహిల్వాన్ను పట్టుకుంటే ఎవరైనా గెలుస్తారు తొకునాగా సాన్. ఇంకొక్క ఆట."

"నీ ఇంకొక్కటికి అంతుండదు. నాకు డ్యూటీ ఉంది." అతను గొడుగు తీసుకున్నాడు. "ఓడినప్పుడు ఎక్కడ తప్పానని చూసుకోవు. ఎవర్ని తిడదామా అని చూస్తావు. పోటీలో అదే నీ కొంప ముంచుతుంది."

అతను మెట్లు దిగి వెళ్ళాక హాల్లో ఇంకే ఆటగాళ్ళూ మిగల్లేదు. కప్పు మీద వాన చప్పుడు. యుజుకి ఒక్కతే మెషీన్‌తో ఆడుకుంటుంటే, అటువైపు ఎవరో వచ్చి కూర్చున్నట్టు తెర మీద సవాలు పడింది. తెల్లంగీ జూడో యోధుడు వచ్చాడు. ఆట మొదలయ్యే ముందు రెండుసార్లు వంగి లేచాడు. అది పాతకాలపు ఆటగాళ్ళ నమస్కారం. ఈమధ్య ఎవరూ పెట్టడం లేదు.

ఆ ఆట పోయింది. తర్వాతదీ పోయింది. ఆమెకు కోపం వచ్చి ముందుకు దూకిన ప్రతిసారీ వాడు సరిగ్గా అక్కడే కాచుకుని ఉండి నేలకేసి కొట్టాడు. ఎలాగో ఒకటి గెలిచింది. గెలిచానన్న సంతోషం ఇంకా మనసుకెక్కకముందే మళ్ళీ సవాలు వచ్చింది. అటువైపు నాణెం పడిన చప్పుడు మాత్రం రాలేదు. ఇంతకుముందు కూడా రాలేదని అప్పుడు తట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడైనా విన్నట్టు లేదు.

లేవాలనుకుంది. లేవలేదు. ఆడింది, ఓడింది, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. మణికట్టు సలుపుతోంది, నాలుక పిడచకట్టింది. కిటికీలో వెలుగు పసుపుబారేదాకా అలాగే ఆడింది. అప్పటికి గానీ పక్కకు వంగి చూసే ధైర్యం రాలేదు.

అటువైపు ఎవరూ లేరు. స్టూలు మీది మెత్త మాత్రం మనిషి బరువుకు అణిగినట్టు గుంటపడి ఉంది. మీటలు టకటకమంటున్నాయి.

"యుజు చాన్, అటు చూడకు."

హాలు నడిపే ఒగాతా ముసలమ్మ తడిగుడ్డ చేత్తో పట్టుకుని వెనకే నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూసి యుజుకికి ఇంకా భయమేసింది.

"ఎవరది, ఒబాచాన్?" అంది యుజుకి అవ్వ వైపు తిరిగి.

"ఉరాబె అని, ఓడల యార్డులో వెల్డింగు చేసేవాడు. బాగా ఆడేవాడు. ఓడితే మాత్రం మనిషి కాదు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఎదుటివాళ్ళ చొక్కా చెయ్యి పట్టుకునేవాడు. పనికి పోవడం మానేశాడు, తిండి మానేశాడు. ఒకరోజు ఎవరో స్కూలు పిల్ల చేతిలో ఓడి అక్కడే కూర్చుండిపోయాడు. మా ఆయన వెళ్ళి భుజం తట్టాడు. అప్పటికే ఒళ్ళు చల్లబడింది. చేతులు మీట మీదే ఉన్నాయి."

"మరి తొకునాగా సాన్ ఇక్కడే ఆడతారుగా?"

"ఆయనకెప్పుడూ కనపడలేదు. ఆయన ఓడితే లేచిపోతాడు. లేవలేనివాళ్ళ ఎదుటే వీడు కూర్చుంటాడు."

యుజుకి సంచీ అందుకుంది. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"పారిపోతే లేచినట్టు కాదమ్మా. అలా పరిగెత్తినవాళ్ళు మర్నాడే తిరిగొచ్చారు. మళ్ళీ మర్నాడూ వచ్చారు. ఒక్క ఆట బుద్ధిగా ఆడు. ఏదైతే అది కానీ. తర్వాత లే."

తెర మీద జూడో యోధుడు రెండుసార్లు వంగి లేచాడు. యుజుకి ఊపిరి మెల్లగా వదిలింది. గెలవాలన్న మాట పక్కనపెట్టి, మొదటిసారిగా ఎదుటివాడి ఆట చూసింది. తన దెబ్బల్ని అడ్డుకున్న ప్రతిసారీ వాడు ఆగలేక గాల్లోకి ఎగురుతున్నాడు. వాడికీ భయమే. ఈటె ఎత్తి పట్టుకుని వాణ్ణి పైనే ఆపింది. తను ఎక్కడ తొందరపడుతోందో కూడా కనపడసాగింది. రెండు సార్లు తమాయించుకుంది, మూడోసారి తమాయించుకోలేకపోయింది. వాడు పట్టి విసిరాడు. వెంట్రుకవాసిలో ఓడిపోయింది.

జేబులో నాణెం వేళ్ళకు తగిలింది. ఇంత దగ్గరికొచ్చాక లేస్తారా ఎవరైనా? తర్వాతది గెలుస్తుంది, ఖాయం. చెంపలు వేడెక్కాయి. నాణేన్ని అలాగే వదిలేసి చెయ్యి బయటికి తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"ఓడిపోయాను," అంది పైకే. "చివర్లో తొందరపడ్డాను. మీరు కనిపెట్టారు. బాగా ఆడారు."

తల వంచి నమస్కరించి లేచింది.

అటువైపు టకటకలు ఎక్కువయ్యాయి. మీట విరిగిపోతుందేమో అన్నంతగా కొట్టుకుంది. రెండడుగులు వేసిందో లేదో చొక్కా చెయ్యి వెనక్కి లాగినట్టయింది. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు. ఆమె వెనక్కి తిరగలేదు, విదిలించుకోనూ లేదు. అంతవరకూ ఉన్న భయంలోకి జాలి వచ్చి చేరింది.

"ఉరాబె సాన్, ఇవాళ్టికి చాలు. మీరూ లేవండి," అంది.

తర్వాత చొక్కా వదులైంది. ముసలమ్మ వెళ్ళి అటువైపు మీట తుడిచింది, ఎవరో ఇప్పుడే ఆడి వెళ్ళినట్టు. ఉరాబె లేచాడో లేదో ఆమె చెప్పలేదు, యుజుకి అడగలేదు.

ఫుకువోకాలో జరిగిన క్యూషూ పోటీలో యుజుకి మూడో పోరులోనే ఓడిపోయింది. కాలేజీ కుర్రాడొకడు ఓడించాడు. ఏడుపొచ్చింది. అయినా అతని దగ్గరికి వెళ్ళి, "నన్ను ఎక్కడ పట్టేశావో చెప్తావా?" అని అడిగింది. ఆ కుర్రాడు కంగారుపడి, తర్వాత ఉత్సాహంగా చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

బయట, పోటీ చూడటానికి వచ్చిన తొకునాగా ఆమెకు ఉదోన్ నూడుల్స్ కొనిపెట్టాడు.

"ఏడుస్తావా?"

"తిన్నాక ఏడుస్తాను."

"ఇంకొక్క ఆట అనవేం?"

"వచ్చే బుధవారం అంటాను," అంది యుజుకి, గిన్నె ఎత్తి పులుసు తాగుతూ.