కొండ వినకుండా

మంచు కురుస్తున్నన్నాళ్ళూ మా ఊళ్ళో ఎవరూ గొంతెత్తరు. కట్టెలు కొట్టరు, డోలు ముట్టుకోరు. పసిపిల్ల గుక్కపట్టేలోపే రొమ్ము నోటికిచ్చేస్తారు. పైన కొండ వింటుంది, వింటే మంచంతా మోసుకుని దిగివస్తుంది. హిమాలయాల్లో మా లాహౌల్ లోయలో పుట్టినవాళ్ళకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే ఆ చలికాలం నా తోడికోడలు దేచెన్‌తో నా పోట్లాటంతా గుసగుసల్లోనే సాగింది.

మా ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. లోపలి తలుపుల గుండానే ఊరంతా తిరిగి రావచ్చు. పై కొసన, సరిగ్గా కొండ చీలిక కింద, దేచెన్ ఇల్లు. దాని పక్కది నాది, కానీ నా ఇంటికి వెనక పెద్ద బండ అడ్డం. బార్లీ చేను గట్టు దగ్గర మాటామాటా పెరిగి, ఆ మహాతల్లి మా మధ్య తలుపుకు రాళ్ళు పేర్చి మట్టి మెత్తేసింది. మగవాళ్ళు చలికాలం కూలిపనులకు కనుమ దాటి కుల్లూ వెళ్ళిపోయారు, సర్దిచెప్పే దిక్కు లేదు. మా అత్త గోడకు అవతల ఉండిపోయింది.

తెరిపి లేకుండా కురిసి దేచెన్ వాకిలీ, కప్పు మీది దారీ మూసుకుపోయాయి. ఓ మధ్యాహ్నం పైన మంచు ఒక్కసారిగా లోపలికి కుంగిన చప్పుడు వినిపించింది. పొయ్యి మీద గిన్నె కదిలింది. ఇక కొండ ఆగదు. ఆ గోడ తీస్తే తప్ప వాళ్ళిద్దరూ బతకరు. గునపం వేస్తే చప్పుడవుతుంది.

వేడినీళ్ళు పోసి మట్టి నానబెట్టి, గరిటెతో గీకడం మొదలుపెట్టాను.

"ఎవరే అది?" అవతలనుంచి దేచెన్.

"నేనే, పల్జోమ్‌ని. నీవైపు నువ్వూ తడుపక్కా."

"నీ సాయం నేనడిగానా?"

"నీకోసం కాదులే, అత్తకోసం. అయినా ఇదేం గోడ? నీ ఇల్లు కూడా ఇంత గట్టిగా కట్టలేదు!"

"నీ ముక్కు దూరకుండా కట్టానే."

నవ్వొచ్చి నోరు మూసుకున్నాను. రాళ్ళను నిద్రపోతున్న బిడ్డను ఎత్తినట్టు ఎత్తి కంబళి మీద పెట్టాం. ఒక రాయి జారి దేచెన్ పాదం మీద పడింది. శాలువా నోట్లో కుక్కుకుని కళ్ళనీళ్ళు కార్చిందే తప్ప కిక్కురుమనలేదు. ఆమె మీద నాకున్న కోపం అక్కడే కరిగిపోయింది.

మనిషి దూరేంత కన్నం పడగానే అత్తను భుజాలు పట్టి ఇవతలికి లాగాను. దేచెన్ కూడా దాటింది. దాటి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"నా గొర్రెలే..."

జడ పట్టి లాగాను. "చాలక్కా, రా!"

ముందు చప్పుడు లేదు, గాలి వచ్చింది. దీపం ఆరిపోయింది, చెవులు మూసుకుపోయాయి, రొమ్ములోని ఊపిరిని ఎవరో లాక్కున్నట్టయింది. ఆ తరవాత వచ్చినదాన్ని చప్పుడనలేను. ఇల్లు, బండ, నా ఎముకలు, అన్నీ కలిసి ఊగాయి. ముగ్గురం నేలను కరుచుకుపోయాం. కన్నంలోంచి మంచుపొడి మా ముఖాల మీద కొట్టింది. అంతే, ఆగిపోయింది.

దీపం వెలిగించి చూశాను. కన్నానికి అవతల ఇల్లు లేదు. పొయ్యి, పూజగది, గొర్రెల కొట్టం ఏవీ లేవు. రాయిలా బిగిసిన మంచు, దాని లోపల నీలంగా వెలుగు. అంత అందాన్ని నేనెన్నడూ చూడలేదు. చేతులు వాటంతటవే జోడయ్యాయి. భక్తితో కాదు, అంత పెద్దదాని ముందు ఇంకేం చెయ్యాలో తోచక.

అత్త జుట్టులో మంచు దులుపుకుంటూ, నెలల తరవాత మొదటిసారి గొంతెత్తింది. "దిగాల్సింది దిగిపోయింది. ఇప్పుడు పోట్లాడుకోండే, గొంతు చించుకుని!"

దేచెన్ నోరు తెరిచింది. తిట్టలేదు. ఆ కన్నం ముందు మోకరిల్లి, కొండంతా మార్మోగేలా, తన గొర్రెలను ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలిచింది.

ఆ పేర్లన్నీ నాకూ తెలుసు. పక్కన కూచుని నేనూ పిలిచాను.