మెత్తని పొట్ట

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపొర చీలిపోతే, ఒక లారీ డ్రైవర్‌కి ఉన్నపళాన ఆపరేషన్ చేసి బతికించారు. మూడో రోజు పొద్దున అతను మాట్లాడాడు. బట్టలు కుట్టుకుని బతికే అక్కకి అప్పుడుగానీ ఊపిరాడలేదు. ఆ సంబరం గంటసేపే.

"అక్కా, కడుపులో మెలిపెట్టేస్తోందే!"

డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూశాడు. "మెత్తగానే ఉందమ్మా. గ్యాసు అయ్యుంటుంది. గుండె బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"గుండె సంగతి ఎవరడిగారు బాబూ? వాడు కడుపంటున్నాడు!"

నొప్పికి ఇంజెక్షన్ చేయించి వెళ్లిపోయాడు. అది పనిచెయ్యలేదు. కాలు విరిగినప్పుడు కట్టు కట్టేవాడితో పరాచికాలాడిన మనిషి, మంచం కడ్డీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అక్క మళ్లీ వెళ్లింది. పెద్ద డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నారన్నారు. మూడోసారి వెళ్తే, "మీరిలా కంగారుపడితే ఆయన బీపీ పెరుగుతుంది" అని సుద్దులు చెప్పారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన నర్సు అతని పొట్ట తడిమి చూసింది. "పొట్ట ఇంత మెత్తగా ఉండి నొప్పి ఇంతుండటం నాకు నచ్చట్లేదు" అంటూ డాక్టరుకి ఫోన్ చేసి, పట్టుబట్టి రక్తపరీక్షకి ఒప్పించింది. రిపోర్టు తేడాగా రాగానే అందరూ పరుగులు పెట్టి స్కానింగ్ చేయించారు. గుండె దగ్గరి ఆ చీలిక వల్లే పేగులకి వెళ్లే నాళంలో రక్తం సరిగా పారడం లేదని అందులో తేలింది.

మళ్లీ ఆపరేషన్. రక్తానికి దారి చేశారు గానీ, అప్పటికే నల్లబడిన మూరెడు పేగు తీసెయ్యక తప్పలేదు.

"సమయానికి పట్టుకున్నాం," అన్నాడు పెద్ద డాక్టరు.

"ఎవరు పట్టుకున్నారండీ? పొద్దున ఎనిమిదింటి నుంచి కాళ్లావేళ్లా పడ్డాను. అది రాశారా మీ కాగితాల్లో?"

"రాయిస్తానమ్మా."

"రాయించడం కాదు. నా ఎదురుగా రాయండి. టైము కూడా వెయ్యండి."

ఆయన నిలబడే రాశాడు. ఆమె చదివించుకుని వింది. కడుపుమంట మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

రెండు రోజులకి తమ్ముడు కళ్లు తెరిచాడు. గండం గడిచినట్టేనంది నర్సు.

"అక్కా, గుక్కెడు నీళ్లు."

"అప్పుడే ఇవ్వకూడదటరా."

"నువ్వూ వాళ్ల పార్టీలో చేరిపోయావా?" అని మొహం తిప్పుకున్నాడు.

ఆమెకి కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాడి పెదాలు తడపడానికి తడి దూది తీసుకుని మంచం అటువైపుకి నడిచింది.