ఎర్రకుక్క ఈగ

పడవ నడిపేవాడికి అబద్ధం ఆడక తప్పదు. పట్నం నుంచి వచ్చిన దొరలు పొద్దుటినుంచీ గాలం విసిరి విసిరి, భుజాలు పడిపోయి నావైపు చూస్తుంటే, "నిన్న ఇదే చోట మోచెయ్యంత చేప లేచిందండీ" అనకపోతే మధ్యాహ్నానికే ఒడ్డుకు పదమంటారు. ముప్పై ఏళ్లుగా మాస్క్ సరస్సు మీద ఇలాంటివి ఎన్ని చెప్పానో నాకే తెలియదు. ఒక్కదానికీ నిద్ర చెడగొట్టుకోలేదు. ఈ ఒక్కటి వేరు.

కోల్మన్‌దీ నాదీ చిన్నప్పటినుంచీ ఒకటే పడవ. వాడిది ఎడమచేతివాటం, నాది కుడి. పక్కపక్కన కూర్చుని విసిరినా మా దారాలు చిక్కుపడేవి కావు. దేవుడు కలిపిన జంట అని ఊళ్లో వెక్కిరించేవాళ్లు. ఆగస్టులో ఒకరోజు వాడు నన్ను పిలవకుండా ఒక్కడే వెళ్లాడు. సాయంత్రానికి ఖాళీ పడవ నల్లరాళ్ల దగ్గర దొరికింది. తొమ్మిది రోజులకు వాడు దొరికాడు. గాలపు కర్ర మాత్రం దొరకలేదు. పడవ బల్లమీద వాడి కోటు మడతపెట్టి ఉంది.

ఆ మడతే ఊరి నోట్లో పడింది. కాలుజారి పడేవాడు కోటు మడతపెడతాడా అన్నారు. చలికాలం నుంచీ వాడు సరిగా తినడం లేదనీ, గొర్రెల్ని కూడా అమ్మేశాడనీ గుర్తుచేసుకున్నారు. ఎండగా ఉందని విప్పి ఉంటాడని నేను అందరిమీదా అరిచాను. అరిచానే గాని, నన్నెందుకు పిలవలేదన్న ప్రశ్న నన్నూ తినేస్తూనే ఉంది. విచారణకు వచ్చిన అధికారి, ఎలా జరిగిందో తేల్చలేమని రాసి వెళ్లిపోయాడు.

ఆ మాటతో ఆయనకు సరిపోయింది. కోల్మన్ తల్లి సబీనాకు సరిపోలేదు. ఎనభై మూడేళ్ల మనిషి. రోజూ సాయంత్రం జపమాల పట్టుకుని, పోయినవాళ్లందరి పేర్లూ ఒక్కొక్కటే చదివేది. కొడుకు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. తనంతట తాను పోయి పాపం మూటగట్టుకున్నవాడి కోసం దేవుణ్ణి ఏమని అడగాలో ఆమెకు తెలియలేదు. నేను వెళ్లినప్పుడల్లా ఒకటే మాట.

"ఒరే ఫెస్టస్, వాడి చేతిలో గాలం ఉందంటావా?"

"ఉండే ఉంటుంది పెద్దమ్మా."

"ఉంటుంది కాదురా. ఉందా, లేదా?"

వాడి భార్య డింప్నా ఏమీ అడిగేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని, ఈకలతో, పట్టుదారంతో గాలాలకు చేపల్ని మోసంచేసే ఉత్తుత్తి ఈగలు కట్టేది. చుట్టుపక్కల అంత పనితనం ఎవరికీ లేదు. ఆమె కట్టిన ఈగ నీళ్లమీద వాలితే నాకే నోరూరేది. అన్నిట్లోనూ ఒక రకం మాత్రం మొగుడికి తప్ప ఎవరికీ ఇచ్చేది కాదు. చచ్చిపోయిన వాళ్ల ఎర్రకుక్క తోకవెంట్రుకలతో కట్టినది అది. కోల్మన్ వాటిని ప్రాణంలా చూసుకునేవాడు. ఆ ఏడాది ఒక్కటి కూడా పోగొట్టుకోలేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అంతకుముందు ఏడాది ఆకులు రాలేకాలంలో వాడు ఒకటి నా టోపీ లోపలి గుడ్డకు గుచ్చి, "మా ఆవిడకు గాని చూపించావంటే, నీకు తోక లేకపోయినా కత్తిరిస్తుంది" అన్నాడు. అది అక్కడే ఉండిపోయింది.

సెప్టెంబరు మధ్యలో నాకా పాడు ఆలోచన వచ్చింది. ఆ ఈగను వారంరోజులు ఉప్పునీళ్ల కప్పులో నానబెట్టాను. కొక్కెం తుప్పుపట్టింది, వెంట్రుకలు నలిగాయి. దానికి సన్నటి నైలాన్ దారం ముడివేసి, జానెడు వదిలి తెంపాను. ఇది ట్రౌట్ చేప దవడలో కనబడితే చాలు, ఆ రోజు వాడి గాలానికి చేప పడ్డట్టే. చేపతో పెనుగులాడుతున్నవాడు చావాలని ఎందుకనుకుంటాడు?

ఇక చేప ఒక్కటే కావాలి. సెప్టెంబరు ముప్పై వచ్చేసింది. ఆ రోజు దాటితే మళ్లీ మార్చి దాకా గాలం వేయకూడదు. ఒక్కణ్ణే పడవ వేసుకుని నల్లరాళ్ల వైపు వెళ్లాను. కొండమీద గడ్డి తుప్పురంగుకు తిరిగింది, ఆకాశం నీళ్లమీదికి దిగినట్టుంది. పడవను గాలికి వదిలి, ముందుకు విసరడం, ఈగ అలమీద దుమికేలా కర్ర ఎత్తడం, మళ్లీ విసరడం. పక్కన బల్ల ఖాళీ. అలవాటుకొద్దీ ఆ వైపు దారం పోకుండా జాగ్రత్తపడుతున్నాను. సిగ్గులేకుండా ఏడ్చాను.

పొద్దువాలుతుండగా ఒక్కటి పడింది. గుడ్లతో నిండిన ఆడచేప. మామూలుగా అయితే నీళ్లలో వదిలేస్తాను. ఆ రోజు తలమీద కొట్టి చంపి, నా ఈగ తీసి, ఉప్పునీళ్లలో నానబెట్టిన ఈగను దాని దవడ మూలలో గుచ్చాను.

డింప్నా బల్లమీద పళ్లెంలో చేపను పెట్టాను. "నల్లరాళ్ల దగ్గర పడింది. దాని నోరు చూడు" అన్నాను. చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఈగను మెల్లగా ఊడదీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం కిందపెట్టి చాలాసేపు చూసింది.

"ఎవరైనా చూశారా?" అంది, ఇటు తిరగకుండానే.

"లేదు."

"అత్తయ్యకు నేను చూపిస్తాను. ఆదివారం రా."

నమ్మింది! ఇంటికెళ్లి, ఆగస్టు తర్వాత మొదటిసారి ఒళ్లెరగకుండా పడుకున్నాను.

ఆదివారం సాయంత్రం వెళ్లేసరికి సబీనా పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ముఖం తేటగా ఉంది. అరచేతిలో ఈగ.

"రారా. వాడి చేతిలో గాలం ఉందిరా ఫెస్టస్! చేప పడిందిరా వాడికి!"

"అవును పెద్దమ్మా."

"ఇది వాడిదేనని నాకెలా తెలుసంటావు? బడిలో ఎడమచెయ్యి వాడితే వీపు చీరేసేవాళ్లు. వాడికి ముడి వెయ్యడం ఎవరూ నేర్పలేకపోతే, ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే నేర్పాను. చుట్లు ఎటు తిరిగాయో చూడు. ఊళ్లో ఇంకెవడేస్తాడు ఇలా?"

వంగి చూశాను. చుట్లు ఎడమకు తిరిగి ఉన్నాయి.

నేను వేసింది కుడిచేతి ముడి. ఆ సంగతి నాకు తట్టనైనా తట్టలేదు. డింప్నా వైపు చూశాను. తల వంచుకుని కప్పుల్లో టీ పోస్తోంది.

ముసలమ్మ జపమాల తీసింది. పేర్లు చదువుతూ కొడుకు పేరు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. రెండుసార్లు చదివింది. డింప్నా మోకాళ్లమీద ఉంది గాని, ఆమె పెదవులు కదలలేదు.

గేటు దాకా నాతో వచ్చింది.

"క్షమించు" అన్నాను.

"ఎందుకు? ఆవిడ ఇవాళ అన్నం తింది." గేటు గొళ్లెం తీసింది. "బల్ల దగ్గర్నుంచి కిటికీ దగ్గరి భూతద్దానికి నాలుగడుగులు, ఫెస్టస్. ఆ నాలుగడుగులూ నేనూ నమ్మాను."