మోగని గంటకు ఒక తలుపు

ఆ మేడ మొత్తానికీ ఇంటర్నెట్ అడ్రసు ఒక్కటే. అడ్రసులు అయిపోయాయని నెట్ కంపెనీవాళ్లు చెప్పారు. అయిపోలేదు, ఉన్నవాళ్లు గుట్టలు పోసుకుని కూర్చున్నారు. అందుకే ఆ ఒక్కదాన్నే అన్ని ఇళ్లకూ పంచే పద్ధతి కోడలు రాసింది. పై అంతస్తులోని పెద్దావిడ కోడలు కాబట్టి మేడంతటికీ ఆమె కోడలే.

ఒక్కో అడ్రసుకు కొన్ని తలుపులుంటాయి. బయటికి వెళ్లే ప్రతి మాటకూ ఒక తలుపు కావాలి. ఆమె పెట్టిన నియమం ఒకటే: ఎవరైనా కాసేపు మాట్లాడకపోతే తలుపు లాక్కుని అడిగినవాళ్లకు ఇచ్చెయ్.

వానపడుతున్న మధ్యాహ్నం. కింద మీటర్ల గదిలో కోడలు తెర ముందు కూర్చుంది. తెర మీద ఒక్కో తలుపూ ఒక్కో పచ్చ చుక్క. ఒకటి ఆరితే ఇంకొకటి వెలుగుతోంది. వాన చప్పుడుకు కళ్లు బరువెక్కి, చుక్కలు నీళ్ల మీద తేలుతున్నట్టు, మేడంతా మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది.

"నీ చెయ్యి చల్లగుండ, నా వీడియో ఒక్కసారీ ఆగలేదే కోడలా!" అన్నాడు గుమ్మంలోంచి టైలరు.

ఆమె మగతలోనే నవ్వింది. తేలే చుక్కల్లో పై అంతస్తు కోసం వెతికింది. అత్త చుక్క లేదు. పడుకుందేమో అనుకుంది.

అత్త పడుకోవచ్చు, గంట పడుకోకూడదు. మొన్న జారిపడ్డాక అత్త చేతికి కట్టిన గంట అది. నొక్కితే కబురు బయట కంపెనీ దాకా పోయి, తిరిగొచ్చి కోడలి ఫోను మోగించాలి.

మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కింది.

అత్త వంటింట్లో గోడకు ఆనుకుని నేల మీద ఉంది, కాలు మడతపడి.

"వచ్చావా మహాతల్లీ! నొక్కీ నొక్కీ వేలు అరిగింది."

"ఆ గంట తలుపు నేనే లాగేసుకున్నానత్తయ్యా. ఎంతకీ మాట్లాడలేదని వేరేవాళ్లకిచ్చేశా. మళ్లీ అడిగేసరికి ఒక్కటీ ఖాళీ లేదు."

"పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నా. దానికి శిక్షా!"

అరిచేవాడికి ముందు వడ్డించడం మనుషుల వెధవ బుద్ధి. కోడలు దాన్ని మిషనుకు నేర్పింది.

అత్త కాలికి కట్టు కట్టించి, సాయంత్రమే నియమం తిరగరాసింది. గంట చేత అస్తమానం 'ఉన్నాను' అనిపిస్తే దాని చిన్న బ్యాటరీ చస్తుంది. అందుకని అందరి వాటాలోంచీ కోసి దానికొక తలుపు శాశ్వతంగా ఉంచింది.

టైలరు గింజుకున్నాడు. "మాకే చాలక చస్తుంటే ఖాళీగా ఉంచుతావా?"

"ఖాళీ ఎక్కడుంది బాబాయ్? అక్కడ మా అత్తయ్య ఉంది."

టైలరు గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

వాన ఇంకా పడుతోంది. తెర మీద చుక్కలు ఆరుతూ వెలుగుతూ తేలుతున్నాయి. ఒక్కటి మాత్రం కదలకుండా ఉంది. దాన్నే చూస్తూ కోడలు కళ్లు మూసుకోబోయింది.

ఫోను గణగణా మోగింది. పడుతూ లేస్తూ పైకి పరిగెత్తింది. వెనకే టైలరు.

అత్త మంచం మీద దర్జాగా కూర్చుని ఉంది.

"ఏమైందత్తయ్యా?"

"ఏం లేదు. నువ్వున్నావో లేదో అని."